జనరేటరు ఆగిన కాసేపు

ఆదోనిలో బట్టల షాపు ఓపెనింగు నాడు
మిల్లుకు సెలవని, ఆరునూర్లకు ఒప్పుకొని
క్రేను మీద నుంచి గజమాల దించింది నేనే.
పూలదారం ఆయన విగ్గులో చిక్కుకుంది. అంతే.
విగ్గు రొంత పక్కకు జరిగింది,
జనం నవ్వినారు,
నా చెంప పగిలింది.

ఆ దెబ్బ నాకు సరిగా గుర్తు లేదు.
ఊర్లకు ఊర్లకు గుర్తుంది.
ఎనిమిది సెకండ్లు.
ముందు నుంచి ఒకటి, మిద్దె మీద నుంచి ఒకటి,
నిదానంగా ఒకటి, పాట అతికించి ఒకటి.
మా బామ్మర్ది గుంతకల్లు నుంచి ఫోన్ చేసి
"బావా, నీ మొగం బాగా పడింది" అన్నాడు.

శుక్రవారం సినిమా అనంగా
మంగళవారం పొద్దున్నే టీవీవాళ్ళు దిగినారు.
మా ఇల్లు చూసి యాంకరమ్మ మొగం చిన్నబోయింది.
స్లాబు. కింద బండలు. మూలన ఫ్రిజ్జు.
"ఇంతేనా" అని కాదు,
"ఇంత ఉందా" అన్నట్టు.
పదకొండేండ్లు పత్తిదుమ్ము మింగి కట్టినా మేడమ్, అన్నా.
"దస్తగిరన్నా, అది చెప్పొద్దు" అనింది.

ఎదురింటి నాగమ్మవ్వది మట్టిమిద్దె.
మొన్నటేడు వానకు ఒక గోడ కూలింది, అట్లే ఉంది.
ఆ గోడ చూసి కెమెరా ఆయన కండ్లు మెరిసినాయి.
పొద్దు వంగేలోపల
నేను ఆ ఇంటికి యజమానినయినా,
నాగమ్మవ్వ నాకు అమ్మయింది.
అవ్వ బొట్టు ఉంచాల్నా తుడవాల్నా అని
ఇద్దరు పిల్లోళ్ళు కొట్లాడుకున్నారు.
మా అమ్మ పీరాంబీ వాకిట్లో నిలబడి
"మరి నేనెవర్రా?" అనింది.

ఉసేనమ్మ పండగ చీర కట్టుకోనుంటే
"పాతది లేదా?" అని అడిగినారు.
అది లోపలికి పోయి తలుపేసుకుంది.
అందుకే టీవీలో నాకు పెండ్లి కాలేదు.

ఆయనొచ్చినాడు.
తెల్లచొక్కా, మూడు దినాల గడ్డం, ఒట్టి కాళ్ళు.
చెప్పులు కారు దగ్గర ఒకడు చేతిలో పట్టుకోనున్నాడు.
కావలించుకున్నాడు.
మొదటిసారి నా తల ఆయన మొగానికి అడ్డమొచ్చింది.
రెండోసారి నాకు ఏడుపు రాలేదు.
మూడోసారి నాగమ్మవ్వ తొందరపడి ముందే ఏడ్చేసింది.
నాలుగోసారి, ఎవరిదో మేక.
అయిదోసారికి జనరేటరు ఆగిపోయింది.

"డీజిల్ చూడాల్సింది ఎవడ్రా!" బయట అరుపులు.
లోపల ఆయనా, నేనూ.
నా భుజం మీద చెయ్యి తీయలేదు, మరిచిపోయినట్టున్నాడు.
సెంటు వాసన. దాని కింద చెమట వాసన,
షిఫ్టు దిగేటప్పుడు మా అందరి దగ్గరా వచ్చేదే.
"నొప్పి పుట్టిందా?" అన్నాడు.

ఆ గొంతు సినిమాది కాదు.
చిన్న గొంతు, జలుబు చేసినట్టు.
ఆ మాట కాగితంలో లేదు.
కాగితంలో నేననాల్సింది
"మీ చెయ్యి తగలడం మా అదృష్టం సార్."
అది నాకు నోటికొచ్చు.
దీనికేం చెప్పాల్నో ఎవరూ రాసియ్యలేదు.

ఆ రాత్రి జొన్నరొట్టె నమలలేక
పాలల్లో నానబెట్టుకున్నానని చెబుదామనుకున్నా.
మా చిన్నోడు రెండు దినాలు బడికి పోలేదని,
పోయినాక ఎవరితోనో కొట్లాడి చొక్కా చింపుకున్నాడని.
నోరు తెరిచినా.
జనరేటరు గుర్రుమనింది.
లైట్లొచ్చేటప్పటికి
ఆయన మొగం తయారుగా ఉంది.

గురువారం రాత్రి అందరం మా ఇంట్లోనే చూసినాం.
పాట వేసినారు, వాన కూడా వేసినారు.
ఆదోనిలో ఆ వారమంతా వాన లేదు.
"నా గోడ చూడండి, ఎంత బాగొచ్చిందో!"
అని నాగమ్మవ్వ సంబరపడింది.
మా అమ్మ మధ్యలో లేచి పోయింది.

సినిమా ఆడిందో లేదో నేను అడగలేదు.
మిల్లులో కొత్తోళ్ళు ఇప్పటికీ నా చెంపనే చూస్తారు,
భుజాన్ని ఎవరూ చూడరు.

ఎండాకాలం, కరెంటు పోతే మిద్దె మీద పండుకుంటాం.
చీకట్లో ఒక్కోసారి
"పుట్టింది" అంటా.
"ఏంది?" అంటుంది ఉసేనమ్మ, నిద్రలోనే.
ఏం లేదు, పండుకో.